దీపాలవేళకు ఇంట్లో లేని అల్లుడు

మూడో పెట్టె తలుపు ఒక్క చేత్తో రాదు. ఎడమచేత్తో కొంచెం పైకెత్తి కుడిచేత్తో గుంజాలి. కాటన్‌పేట మెయిన్‌రోడ్డు మీద మోకాళ్ళలోతు నీళ్ళు నిలిచిన పెద్దవాన ఏడాది దాని కింది బందు తుప్పుపట్టింది. అప్పటినుంచీ అంతే. వీరభద్రం దాన్ని ఎత్తి, గుంజి, లోపల నల్లటి పిడిని కిందికి దించాడు. సందు పొడుగునా పన్నెండు లైట్లూ ఒక్కసారి పోయాయి. ఇంకా సరిగా తెల్లవారలేదు. ఆషాఢం మబ్బు ఇళ్ళకప్పుల మీద దుప్పటిలా పరుచుకుని ఉంది.

"పోయిరా తల్లీ," అన్నాడు పైకి చూసి.

ముప్పై ఒక్క ఏళ్ళుగా వీధిదీపాలు వేసి తీసే ఉద్యోగం చేస్తున్నాడు గానీ, ఆర్పడం అనే మాట మాత్రం ఏనాడూ నోట రానివ్వలేదు. పొద్దున్నే పోయిరమ్మంటాడు, సాయంత్రం రావమ్మా అంటాడు. మొత్తం ముప్పై నాలుగు పెట్టెలు. ఇంకా ముప్పై ఒకటి మిగిలాయి.

మనిషి పొట్టి. ఖాకీ చొక్కా భుజాల దగ్గర వెలిసి తెల్లబడింది. కుడి మోకాలు వాచి, నడిచేటప్పుడు పడవలా ఒక పక్కకి ఒరుగుతాడు. చేతివేళ్ళ కొసలు చూడాలి, చింతగింజల్లా నున్నగా, గట్టిగా ఉంటాయి. తీగలు పట్టీ, నిప్పురవ్వలు తగిలీ తగిలీ అట్లా అయిపోయాయి పాపం. వేడివేడి టీగ్లాసుని కూడా అంచు పట్టుకోకుండా మధ్యలో పట్టుకుంటాడు. ఆ పేటలో ఆయన పేరు ఎవరికీ తెలియదు, అందరికీ లైటప్పే. ఆ మధ్య జరీ వ్యాపారులు ఇంట్లో పెళ్ళికి పిలిస్తే శుభలేఖ మీద కూడా 'లైటప్ప గారికి' అనే రాశారు. అలివేలు దాన్ని దాచిపెట్టుకుంది.

అలివేలు ఆయన భార్య. ఆ పెళ్ళి సంగతి చెప్పుకోకపోతే తక్కినదేదీ అర్థం కాదు. అలివేలు తల్లి మునివెంకటమ్మ పెళ్ళిచూపులనాడు కట్నం గురించి అడగలేదు, కులగోత్రాల గురించి అడగలేదు. ఒక్కటే అడిగింది. "పిల్లోడు దీపాలవేళకు ఇంట్లో ఉంటాడా?" అని. ఆమె మొగుడు లారీల మీద తిరిగి తిరిగి, ఒక సాయంత్రం రాక, ఇక ఏ సాయంత్రమూ రాకుండా పోయినవాడు. అందుకని ఆ ఒక్క మాట. వీరభద్రం అప్పుడు దూదిమండీలో పగటిపని చేసేవాడు. "ఉంటానత్తా," అని తలూపాడు. పెళ్ళయిన ఆరోనెలలో కార్పొరేషన్‌లో లైట్ల ఉద్యోగం వచ్చింది. ఊరికంతా దీపాలవేళ అయితే ఆయనకి మాత్రం పనివేళ అయింది. మునివెంకటమ్మ అప్పటినుంచీ దాన్ని మోసమనే అంటుంది. ఏమాటకామాట, మోసం కాకపోయినా మాట తప్పినట్టే గదా.

ఎనిమిదింటికి ఇల్లు చేరేసరికి అలివేలు తల్లికి గంజి పోస్తోంది. మునివెంకటమ్మకి ఎనభయ్యారు. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయాక కూతురి దగ్గరికే తెచ్చారు. ఆమెను లేపీ, తిప్పీ అలివేలు నడుము చెడింది. పగలంతా ఎట్లాగో గడుస్తుంది. పొద్దు గూకితేనే కష్టం. చీకటి పడుతుంటే ముసలామెకి ఎక్కడలేని దిగులూ పట్టుకుంటుంది. మంచంపట్టె పట్టుకుని లేవబోతుంది. "అల్లుడేడ? అల్లుడింగా రాలేదా?" అని ఒకటే కలవరింత. ఒక్క చేతి మనిషిని ఆపడానికి నడుములేని అలివేలు రోజూ గంటన్నర పెనుగులాడాలి. వీరభద్రం ముప్పైనాలుగో పెట్టె మూసి, ఒరుగుతూ ఒరుగుతూ వచ్చేసరికి తల్లీకూతుళ్ళిద్దరూ చెమటతో తడిసి ఉంటారు.

"వచ్చినాడా అప్రెంటీసు?" అంది మునివెంకటమ్మ, గంజి మింగి.

"వచ్చినానత్తా."

"యాభై ఎనిమిదేండ్లకు అప్రెంటీసంట! ఇంగ మీసాలు ఎప్పుడొస్తాయో."

"అమ్మా, గమ్మునుండు. ఈ పొద్దు ఆయనకు పరీచ్చ ఉండాది," అంది అలివేలు.

"ఉండనీలే. బడి ఎగ్గొట్టినవన్నీ ఇప్పుడు రాసుకుంటా ఉండాడు."

కార్పొరేషన్‌ వాళ్ళు మూడు నెలలుగా లైట్లవాళ్ళకి డిజిటల్ అప్రెంటిస్ శిక్షణ అని పెట్టారు. పెట్టెలన్నిటిలో కొత్త మిషన్లు బిగించారు. ఇకమీదట తిరగనక్కర్లేదు, ఫోన్‌లో నొక్కితే సందుసందుకీ లైటొస్తుంది. నేర్చుకుని పరీక్ష పాసైనవాళ్ళు ఎక్కడున్నా సరే, ఇంట్లో కూర్చునైనా సరే వేసుకోవచ్చు. పాస్ కానివాళ్ళని మాత్రం స్తంభాలెక్కి బల్బులు మార్చే నిచ్చెనగ్యాంగులోకి పంపిస్తారు. అదేమో ఊరికి దూరంగా వర్తూరు వైపు, నాలుగింటికి ఎక్కితే రాత్రి పదింటికి దిగడం. వీరభద్రం ఒకసారి తప్పాడు. ఇది రెండోసారి, ఆఖరుసారి.

తప్పింది బుర్రలేక కాదు. పాఠమంతా ఆయనకి నోటికొచ్చు. ఏ సందు ఏ నంబరో కాగితం చూడకుండా చెబుతాడు. ఆ ఫోనేమో వేలిముద్ర పడితే గాని తెరుచుకోదు. ఆయన వేళ్ళమీద ముద్రే లేదు. కిందటి పరీక్షలో సబ్బుతో కడిగించారు, క్రీమ్ రాయించారు, తడిగుడ్డతో తుడిపించారు. పరీక్షకిచ్చిన రెండు నిమిషాలూ నొక్కుతూనే ఉన్నాడు. ముందర మనిషి ఉన్నాడనే ఆ ఫోను ఒప్పుకోలేదు.

"ఏదీ, చెయ్యి చూపీ," అంది మునివెంకటమ్మ. ఆడే ఎడమచేత్తో ఆయన వేళ్ళు ఒక్కొక్కటే తడిమింది, సంతలో బెండకాయలు చూసినట్టు. "దీంట్లో రేకలేడుండాయి? అన్నీ కరెంటు తినేసినాది. పని చేయని యేలు ఒగటన్నా ఉండాదా నీకు?"

"అన్నీ చేసేటివే అత్తా."

"నా కూతురికి మటుకు ఒగటీ చేయలే."

అలివేలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వీరభద్రం కూడా నవ్వాడు గానీ, అన్నం దగ్గర కూర్చున్నాక రెండు ముద్దలకంటే దిగలేదు.

వార్డు ఆఫీసు మేడమీద పొడుగాటి గది. ఇరవైమందికి ఇనప కుర్చీలు, గోడమీద పెద్ద తెర. పాఠం చెప్పే నేత్రావతి ఇరవై ఆరేళ్ళ పిల్ల, కన్నడమ్మాయి, తెలుగు బాగానే వచ్చు. తండ్రి వయసున్న వాళ్ళని బెదిరించలేక తానే బెదిరిపోతూ ఉంటుంది. పక్క వార్డు లైట్లు చూసే ఫయాజ్ అప్పటికే పాసై కిటికీ దగ్గర నిలబడి అరటిపండు తింటున్నాడు.

"భద్రన్నా, వేళ్ళు కొత్తవి తెచ్చినావా, అవేనా?"

"అవే. షాపులో దొరకలే."

"నా బొటనవేలు తీస్కో. పెండ్లానికి తప్ప ఇంకెవురికీ పనికిరావడంలే," అన్నాడు ఫయాజ్. గదిలో అందరూ నవ్వారు. వీరభద్రం మాత్రం వేళ్ళు చొక్కాకి తుడుచుకున్నాడు.

"సార్, పరీక్షకి ముందు మళ్ళీ వేలు ఎక్కించుకోవచ్చు. ఏ వేలైనా పర్వాలేదు," అంది నేత్రావతి, ఫోన్ చేతికిస్తూ.

కుడి బొటనవేలు పెట్టాడు. పడలేదు. చూపుడువేలు. పడలేదు. ఎడమ బొటనవేలు, పక్కది, దాని పక్కది. ఫోన్ ప్రతిసారీ చిన్నగా వణికి కాదంటోంది. నేత్రావతి అటు తిరిగి తెర సర్దుతున్నట్టు నటించింది. ఆ పిల్లకి కళ్ళు తడయ్యాయని ఫయాజ్ తర్వాత చెప్పాడు. వీరభద్రానికి ఆ క్షణంలో కనిపించింది పరీక్ష కాదు, వర్తూరూ కాదు. పొద్దు గూకే వేళ మంచంపట్టె పట్టుకుని పెనుగులాడే ఇద్దరాడవాళ్ళు.

పని చేయని వేలు ఒకటన్నా ఉందా నీకు?

ఎడమచెయ్యి తిప్పి చూసుకున్నాడు. చిటికెనవేలు! ఎనిమిదో ఏట బొంగరాలాటలో విరిగి వంకరగా అతుక్కుంది. పిడి పట్టుకున్నా, తలుపు ఎత్తినా, తీగ మెలిపెట్టినా అదొక్కటే దూరంగా నిలబడి చూసేది, పెళ్ళిలో అలిగిన చుట్టంలాగా. ఇన్నేళ్ళలో దాన్ని అడిగినవాళ్ళు లేరు. దాని కొసన ఇంకా మెత్తదనం ఉంది. గుండ్రంగా, సన్నగా, ముగ్గువేసినట్టు గీతలున్నాయి.

పెట్టాడు. ఫోన్ పచ్చగా అయింది.

"ఆయ్తు సార్, ఆయ్తు!" అని కన్నడంలోనే అరిచేసింది నేత్రావతి, అయిందంటూ. వెంటనే గొంతు సర్దుకుని, "ఇప్పుడే పరీక్ష మొదలు. రెండు నిమిషాలు. పద్నాలుగో లైను వేయండి, తర్వాత తీసేయండి," అంది.

తెరమీద కాటన్‌పేట సందు కనిపిస్తోంది, అక్కడి కెమెరాలోంచి. మధ్యాహ్నం మూడుగంటలే అయినా మబ్బుకి సందంతా బూడిదరంగుగా ఉంది. ఎవరో ఒకామె దుకాణం ముందు వంగి ఊడుస్తోంది. వీరభద్రం వంకరవేలితో నొక్కాడు. సందులో లైట్లు వరసగా వెలిగాయి. "రావమ్మా," అన్నాడు అలవాటుకొద్దీ. ఊడ్చే ఆమె తలెత్తింది. లైటు చూసింది. పొద్దుగూకిందనుకుందో ఏమో, చీపురు గబుక్కున గోడకి ఆనించి, చెంగుతో చేతులు తుడుచుకుని, స్తంభానికి దండం పెట్టుకుని నిలబడింది.

గది గొల్లుమంది. "లైటప్పా, ఆఫ్ చేయప్పా!" అని వెనకనుంచి కేకలు.

"సార్, తీసేయండి. ఒక నిమిషమే ఉంది," అంది నేత్రావతి.

"ఆయమ్మ దండం పెట్టుకోనీమ్మా."

"సార్, టైమ్ పోతుంది!"

"దండం పెట్టుకుంటా ఉండేటప్పుడు దీపం తీసేస్తే ఎట్లమ్మా? నిండుగా ఉండే ఇల్లాలు. మనసు ఎట్లయిపోతాది?"

ఎవరూ నవ్వలేదు ఈసారి. అందరూ తెరకేసి చూస్తున్నారు. ఆమె కళ్ళు మూసుకుని ఏవో చెప్పుకుంటూనే ఉంది. ఎన్ని కోరికలున్నాయో తల్లికి. నలభై సెకన్లు. ముప్పై. "అమ్మా, చాలమ్మా, దేవుడు విన్నాడు," అని ఫయాజ్ తెరతోనే మాట్లాడటం మొదలుపెట్టాడు. ఇరవై. ఆమె చేతులు దించి, కళ్ళకద్దుకుని, ఆకాశం చూసి, ఇంత పొద్దుండగానే దీపాలేమిటా అని చెంపమీద చెయ్యి పెట్టుకుంది. అప్పుడు నొక్కాడు.

"పోయిరా తల్లీ."

పదకొండు సెకన్లు మిగిలాయి. నేత్రావతి కాగితం మీద సంతకం చేసి, రెండు చేతులతో అందించింది. వీరభద్రం అందుకుని ఇనప కుర్చీలో కూలబడ్డాడు. మూడు నెలలుగా రొమ్ములో కట్టేసుకున్న గాలంతా బయటికి వచ్చింది. "ఈ సాయంత్రం నుంచే మీ ఫోన్‌లోంచి, సార్," అంది ఆ పిల్ల. ఫయాజ్ ఇంకో అరటిపండు ఒలిచి ఆయన నోట్లోనే పెట్టాడు.

అయిదింటికే గుమ్మంలో కనబడ్డ మొగుణ్ణి చూసి అలివేలు చేతిలో చెంబు అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

"ఏమాయ? పోయినాదా?"

"వచ్చినాది."

"యాడికి?"

"ఇంట్లోకే. ఇంగ సాయంత్రాలు ఈడే."

అలివేలు చెంబు దించి, గోడకి జారగిలబడి, అట్లాగే నేలమీద వాలింది. నడుము చాపింది. సాయంత్రంపూట ఆమె నడుము చాపడం ఈ రెండేళ్ళలో అదే మొదలు. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు. "రవ్వంతసేపు ఇట్లే ఉంటా," అంది. రెండు నిమిషాలకే నిద్రపోయింది.

వీరభద్రం మునివెంకటమ్మ మంచం పక్కన పీట వేసుకున్నాడు. పళ్ళులేని మనిషి, ఆకు నలగ్గొట్టి ఇవ్వాలి. మంచం కింద ఇత్తడి ఆకురోలు, పిడికెడంత ఉంటుంది. అలివేలు చేసే పని అది. ఈరోజు తనే రెండు తమలపాకులు ఈనెలు తీసి, చిటికెడు సున్నం రాసి, వక్కముక్క వేసి దంచడం మొదలుపెట్టాడు. కిటికీలోంచి సందు స్తంభం కనిపిస్తుంది.

వెలుగు తగ్గింది. ముసలామె చెయ్యి మంచంపట్టె మీదికి పోయింది. "అల్లుడేడ?"

"ఈడే ఉండా అత్తా."

ఆమె తల తిప్పి చూసింది. నమ్మనట్టు మళ్ళీ చూసింది. వీరభద్రం ఫోన్ తీసి చిటికెనవేలు పెట్టాడు. "రావమ్మా." కిటికీ అవతల దీపం వెలిగింది. ఆ వెలుతురు వచ్చి మంచం మీద పడింది. మునివెంకటమ్మ పట్టె వదిలేసి, ఆడే ఒక్క చెయ్యీ నుదుటికి చేర్చుకుంది. ఎంతసేపో అట్లాగే ఉంచింది.

"ముప్పైయేండ్లాయ మాట ఇచ్చి," అంది చివరికి. "రాకరాక ఇప్పుడొస్తివి."

"దోవలో పనిబడినాది అత్తా."

పెదవి ఒక పక్కే నవ్వింది. "ఆకు నలిగినాదా?"

"ఇంగ రవ్వంత."

ఆయన వంగి దంచసాగాడు. ఆమె లేవబోలేదు. ఎవరినీ పిలవలేదు. దీపం వైపు తిరిగి పడుకుంది. దంపుడు చప్పుడు సన్నగా, సమంగా సాగింది. నలిగిందా అని ఆమె మళ్ళీ అడుగుతుందని చూశాడు. అడగలేదు. తలెత్తితే కళ్ళు సగం మూసి ఉన్నాయి. ముఖంమీద ఈ రెండేళ్ళ సాయంత్రపు దిగులు ఒక్కచోటా లేదు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. వంకరవేలే పెట్టాడు. ఆ కొసకి మాత్రమే గాలి తెలుస్తుంది గదా. ఏమీ తెలియలేదు.

చాలాసేపటికి అలివేలు మేలుకుని వచ్చి నిలబడింది. ఆయన ముఖం చూసి అర్థం చేసుకుంది.

"దీపం పెట్టినాక పోయినాదా?"

"పెట్టినాకనే. దండం పెట్టుకొనింది. నన్ను తిట్టింది గూడా."

"నువ్వుండావు గదా పక్కన," అంది అలివేలు. తల్లి కాళ్ళ దగ్గర కూర్చుని, చీర అంచు సర్ది, పొడుగ్గా ఊపిరి వదిలింది. ఇక ఎవరినీ పట్టుకుని ఆపనక్కర్లేదు. పక్కింటివాళ్ళని పిలవడానికి ఇంకా టైముంది.

పీట పక్కన ఇత్తడి రోట్లో సగం నలిగిన ఆకు, సున్నం అంటుకున్న చోట ఎర్రబడుతూ, తక్కినంతా పచ్చగానే ఉంది.