సదానందం పేరుకు వేసిన తాళం

మొదటి షిఫ్టు దిగి ఇంటికి రాగానే సమ్మన్న ఓ గంటసేపు వాకిట్లో నిలబడాలి. అది భార్య రాజక్క పెట్టిన నియమం. చంద్రపూర్ ఎండకు సాయంత్రం నాలుగైనా నేల మీద కాలు పెట్టలేరు. సమ్మన్న నిలబడితే ఒక నీడలో కోళ్ల గంప, రెండో నీడలో నీళ్ల కుండ చల్లగా ఉంటాయి. పక్క క్వార్టర్ నర్సక్క తన మేకపిల్లను కూడా తెచ్చి అక్కడే కట్టేసి, "అన్నా, జరంత అటు జరుగు, పిల్లకు ఎండ తగులుతుంది" అని దబాయించి పోయేది.

పద్మాపూర్ దిక్కున్న ఆ బొగ్గు కాలనీలో రెండు నీడలవాళ్లు ఏడెనిమిది మంది ఉన్నారు. ఒకరి పేరు మీద ఇంకొకరు నౌకరీలో చేరితే, ఆ పేరు గల మనిషి నీడ కూడా వెంట వచ్చేస్తుంది. పేరు వచ్చాక నీడ రాకుండా ఎక్కడికి పోతుంది అనుకునేవారు అందరూ. ఆఫీసర్లు చూసీ చూడనట్టు పోయేవారు. వాళ్లకు కావలసింది బొగ్గు.

సమ్మన్న మంథని నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చినవాడు. గోండ్‌పిప్రి దగ్గరి పల్లెలో వరికోతలకు పోయినప్పుడు సదానందంతో దోస్తీ కుదిరింది. ముప్పై నాలుగేళ్ల కింద సదానందానికి బొగ్గుబాయిలో నౌకరీ కాగితం వస్తే సమ్మన్న తోడు వచ్చాడు. మొదటిరోజే బాయి మూతి దగ్గర, లోపలినుంచి ఒక మనిషిని బొంత కప్పి మోసుకురావడం కనపడింది. సదానందం అక్కడే కూలబడ్డాడు. "నాతోని గాదు, నువ్వే పోరా" అని కాగితం, బడి సర్టిఫికెట్ తీసి సమ్మన్న చేతిలో పెట్టాడు. బదులుగా సమ్మన్న తన పాత సైకిల్ ఇచ్చాడు. సదానందం దాని మీదే ఊరికి తిరిగిపోయాడు.

ఆనాటినుంచి కంపెనీలో, బ్యాంకులో, ఆధార్‌లో సమ్మన్న పేరు సదానందం. తండ్రి పేరు సదానందం తండ్రిది, పుట్టిన తేదీ సదానందానిది. సమ్మన్నా అని పిలిచేది ఇంట్లోవాళ్లు, తోటి పనివాళ్లు మాత్రమే. గోండ్‌పిప్రికి గంటకో బస్సుంది. అయినా ఒక్కసారి కూడా పోలేదు. మొదట్లో సెలవు దొరకలేదన్నాడు. తర్వాత ఏ మొహం పెట్టుకుని పోవాలి అన్నాడు. ఆ పైన ఆ మాటే ఎత్తడం మానేశాడు.

పోకపోయినా సంగతులు తెలుస్తూనే ఉండేవి. అక్కడ సదానందం ఏం చేస్తే ఇక్కడ రెండో నీడ అది చేసేది. సమ్మన్న కుర్చీలో కూర్చుని చాయ్ తాగుతుంటే ఆ నీడ వంగి నాట్లు వేసేది. ఒక ఏడు దాని భుజాల మీద చిన్నపిల్ల కనపడింది. ఆ రోజు రాజక్క పాయసం వండింది. రెండేళ్లకు భుజాల మీద పిల్ల లేదు. రాజక్క రెండు రోజులు అన్నం ముట్టలేదు.

పోయిన చలికాలం నుంచి ఆ నీడ వీపున ఒక ఆడమనిషి ఉంటోంది. వారానికి రెండుసార్లు, ఆమెను మోసుకుని బస్సుకోసం నిలబడ్డట్టు నిలబడుతుంది. "ఆయన ఇంటామెకు పెద్ద బీమారే వచ్చింది" అంది రాజక్క. సమ్మన్న గ్లాసు కింద పెట్టి లోపలికి పోయాడు.

సమ్మన్న బాధ సమ్మన్నకుంది. రిటైర్మెంట్‌కు పదకొండు నెలలే మిగిలాయి. నౌకరీ దిగిన మర్నాడే క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. విసాపూర్‌లో రెండు గదుల ఇల్లు చూసి బయానాగా కొంత పైకం ఇచ్చాడు. మిగతాదానికి బ్యాంకులోను కోసం కూతురు ఉజ్వలను వెంటబెట్టుకుని పోయాడు. చంద్రపూర్‌లో ఒక ల్యాబ్‌లో కంప్యూటర్ మీద పనిచేసే ఉజ్వలకు కాగితాల వ్యవహారం బాగా తెలుసు.

బ్యాంకులో సచిన్ అనే కుర్రాడు కంప్యూటర్ చూసి తల అడ్డంగా ఊపాడు. "కాకా, సిబిల్ ఖరాబ్ ఆహే, అప్పుల రిపోర్టు బాగాలేదు. నీ పేరు మీద నాలుగు లోన్లు నడుస్తున్నాయి. రెండు వాయిదాలు తప్పినయ్. ఇట్లుంటే ఇల్లు రాదు."

నాలుగూ గోండ్‌పిప్రిలోని ఒక ప్రైవేటు ఫైనాన్స్‌లో తీసినవి. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఒకటే కావడంతో ఇద్దరి అప్పులూ ఒకే రిపోర్టులోకి ఎక్కాయి. ఊరి పేరు చదవగానే సమ్మన్నకు సంగతి అర్థమైంది. వీపున భార్యను మోసుకుని నిలబడ్డ నీడ కళ్లముందు ఆడింది.

"బాపూ, గాయనేమో?" అంది ఉజ్వల మెల్లగా.

"గాయన ఎప్పుడో హైదరాబాద్ దిక్కు పోయిండు" అన్నాడు సమ్మన్న. "ఎవడో దొంగ. నా జిరాక్స్ కాగితాలు దొరకబట్టిండు."

అబద్ధం అంత తేలిగ్గా వస్తుందని అతనికే తెలియదు. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

సచిన్ ఉపాయం చెప్పాడు. ఆ లోన్లు నావి కావని రాసివ్వాలి. రిపోర్టుకు తాళం వేయించాలి. తాళం పడితే ఏ ఫైనాన్స్‌వాడూ దాన్ని తెరిచి చూడలేడు, చూడనిదే ఎవరికీ లోను ఇవ్వడు. మన బ్యాంకు చూసే రోజు మటుకు ఒక్కపూట తెరిస్తే చాలు. ఉజ్వల అక్కడే ఫోన్‌లో అన్నీ నింపింది. చివరన తాళానికి ఆరంకెల నంబర్ పెట్టమంటే సమ్మన్న తనే నొక్కాడు. సంతకం సదానందం అని చేశాడు.

ఇంటికొచ్చి వాకిట్లో నిలబడితే రెండో నీడ కదలలేదు. ఒక చెయ్యి ముందుకు చాచి, వీపున భార్యతో, ఎవరి బల్ల ముందో నిలబడిపోయింది. మర్నాడూ అంతే. మూడోనాడు నేల మీద కూర్చుని ఆమెను ఒళ్లో పడుకోబెట్టుకుంది. సమ్మన్న డ్యూటీకి పోతే అది కూర్చున్నట్టే వెంట దేకుతూ వచ్చింది. నర్సక్క ఆ నీడలో మేకపిల్లను కట్టడం మానేసి, అటువైపు చూడకుండా పోసాగింది.

రాజక్క ఊరుకోలేదు. "గా తాళం తియ్యి."

"తీస్తే గాయన ఇంకో లోన్ తీస్తడు. మనది మల్ల ఆగుతది."

"ఆగనీ. అక్కడ మనిషి పానం పోతుంది."

"ఇంటి రిజిస్ట్రీకి పన్నెండు రోజులే ఉంది. అయిన పూటనే తీస్త. నేనేం దుష్మన్‌నా?"

"పన్నెండు రోజులు ఆమె ఆగాలె గద" అంది రాజక్క. ఆ తర్వాత భర్తతో మాట్లాడలేదు. ఫోన్ తీసుకుని తెరుద్దామని చూసింది, కానీ ఆ ఆరంకెలు సమ్మన్నకు తప్ప ఎవరికీ తెలియవు. రోజూ సాయంత్రం ఆ నీడ పక్కన చెంబుతో నీళ్లు పెట్టేది. ఎవరు తాగుతారని పెడుతున్నావని సమ్మన్న అడగలేదు.

ఆ పన్నెండు రోజులూ సమ్మన్న ఫోన్ చేతిలోకి తీసుకుని నాలుగంకెలు నొక్కి ఆపేసేవాడు. తలదాచుకోవడానికి రెండు గదులు, అంతేగా తను అడిగింది అని తనకు తనే చెప్పుకునేవాడు. ఒక్కపూట తాళం తెరిచి బ్యాంకు చూడటం అయింది, తాళం మళ్లీ పడింది, లోను వచ్చింది, రిజిస్ట్రీ కూడా అయింది. ఆఫీసు మెట్లు దిగుతూనే ఎండలో నిలబడి ఆరంకెలూ నొక్కి తాళం తీశాడు. తలొంచి చూశాడు.

నీడ ఒడి ఖాళీగా ఉంది.

ఇంట్లో ఎవరికీ చెప్పకుండానే గోండ్‌పిప్రి బస్సెక్కాడు. పల్లెలో దిగి అడిగితే ఒక పెంకుటిల్లు చూపించారు. వాకిట్లో పలచటి మనిషి ఒకడు మండుటెండలో కూర్చుని ఉన్నాడు. అతని కింద నేల ఖాళీగా ఉంది. ముప్పై నాలుగేళ్లు నీడ లేకుండా పొలంలో పనిచేసిన ఒళ్లు కాలిపోయి ఉంది.

"నేను సమ్మన్నను."

సదానందం కళ్లు చికిలించి చూశాడు. చాలాసేపటికి గుర్తుపట్టి, "కూసో" అని పక్కన చోటు చూపించాడు. "మా నిర్మల పోయింది. నిన్న రాత్రే. పొద్దుగాల కాలవెట్టినం."

సమ్మన్న అతని పక్కన కూలబడ్డాడు.

"నాగ్‌పూర్ తీస్కపొమ్మన్నరు డాక్టర్లు. బండికి, దవఖానకు పైసలకని ఫైనాన్సోళ్ల కాడికి పోయిన. పేరు కొట్టి చూసి తాళం పడ్డదన్నరు. ఎవలేసిండ్రు అంటే, పేరు గలాయనే ఏసుకున్నడు అన్నరు." సదానందం తలెత్తి సమ్మన్నను చూశాడు. "పేరు గలాయన నేనే గద అన్న. కాదన్నరు."

"నేనే ఏసిన" అన్నాడు సమ్మన్న. ఏడుపొచ్చేసింది. "తీసిన. ఇయ్యాల తీసిన."

"ఇయ్యాల తీస్తే ఏం లాభమే" అన్నాడు సదానందం. తిట్టలేదు. తిడితే సమ్మన్నకు కొంత తేలికయ్యేది.

అప్పుడు రెండో నీడ సమ్మన్న పాదాల దగ్గరనుంచి లేచింది. వాకిలంతా మెల్లగా నడిచి, సదానందం కిందికి పోయి కూర్చుంది. సదానందం ఒకసారి దాన్ని చూసి, కాళ్లు దగ్గరికి తీసుకుని దానికి చోటిచ్చాడు. సమ్మన్న ఒక్క నీడతో బస్సుకు నడిచాడు.

సోమవారం గని గేటు దగ్గర హాజరు మెషీన్ మీద బొటనవేలు పెడితే ఎర్రలైటు వెలిగింది. వేలు తుడిచి మళ్లీ పెట్టాడు. ఎడమచేతి వేలు పెట్టాడు. ఎన్నిసార్లు పెట్టినా ఎరుపే. నీడ వెంట పేరూ పోయింది. నౌకరీ ఆ పేరుది, రాబోయే పెన్షన్ ఆ పేరుది, విసాపూర్‌లో మొన్న రిజిస్ట్రీ అయిన రెండు గదులూ ఆ పేరువే. ఇంటికెళ్లి రాజక్కకు ఏం చెప్పాలో అతనికి తోచలేదు.

హాజరు రాసే సుదర్శన్ ఇరవయ్యేళ్లుగా అతనితో కలిసి చాయ్ తాగేవాడు. కిటికీలోంచి తల బయటికి పెట్టి, సమ్మన్న మొహంలోకి చూస్తూ మామూలుగా అడిగాడు.

"సమ్మన్నా, ఇయ్యాల సదానందం డ్యూటీకి రాలేదా?"

"రాలేదు" అన్నాడు సమ్మన్న. "ఆయన ఇంటామె చనిపోయింది."