గని అడుగున ఒక గది

మే నెల మధ్యాహ్నం పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు బొగ్గు గని అడుగున, పంపుల దగ్గర సంతోషి కళ్లు తిరిగి పడిపోయింది. తోటి కార్మికుడు నర్సింగం ఆమెను నీడకు చేర్చి, జీపు పిలిపించి గోదావరిఖని ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

గనిలో పనిచేసే తండ్రి జబ్బుపడి పని మానేశాక ఆ ఉద్యోగం సంతోషికి వచ్చింది. గనిలో చేరే నీటిని తోడించి పైకి పంపడం ఆమె పని. ఇష్టపడి నేర్చుకుంది.

సాయంత్రం గని మేనేజరు యజ్ఞనారాయణ చూడటానికి వచ్చాడు. ఆమెకు సెలైన్ ఎక్కుతోంది. ఒంట్లో నీరు తగ్గిందని, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కూడా ఉందని డాక్టరు చెప్పింది.

"అంత ఎండలో నీళ్లు తాగకపోతే ఎలాగమ్మా?" అన్నాడాయన.

సంతోషి ముఖం తిప్పుకుంది. పక్కనున్న తల్లి సారవ్వ ఊరుకోలేదు.

"ఎట్ల తాగుతది సార్? తాగితే యాడికి పోవాలె? మొగోళ్లు బండల చాటుకు పోతరు. నా బిడ్డ ఇంటికొచ్చేదాక బిగబట్టుకునుడే."

"ఊకో అవ్వా," అంది సంతోషి.

యజ్ఞనారాయణ ఆ గనిలోకి రోజూ దిగుతాడు. ఈ సంగతి ఎవరూ చెప్పలేదు, తనూ ఎన్నడూ అడగలేదు.

"పైన ఆఫీసులో పని ఇప్పిస్తాను. అక్కడ అన్నీ ఉన్నాయి," అన్నాడు చివరికి.

"వద్దు సార్. నేను పైకొస్తే నా జాగల ఇంకొకామె దిగుతది. ఆమె గూడ నీళ్లు తాగది."

మర్నాడు ఆయన ఇంజనీర్లను కూర్చోబెట్టి, గని అడుగున ఆడవాళ్లకు మరుగుదొడ్డి గది కట్టాలన్నాడు. గని ముందుకు జరుగుతూ పోతుందని, ఏం కట్టినా రేపు కూల్చాల్సిందేనని వాళ్లన్నారు.

"పంపులను జరుపుతున్నాం కదా, గదినీ జరుపుదాం," అన్నాడాయన.

చక్రాలున్న ఇనుప గది చేయించాలని తేలింది. చేయించే ముందు ఆయన గనిలో పనిచేసే ఆడవాళ్లను పిలిచి, ఎలా ఉండాలో చెప్పమన్నాడు. మేనేజరు ముందు చెప్పడానికి అందరూ సిగ్గుపడ్డారు. చివరికి మట్టి మోసే డంపర్ నడిపే పోశవ్వ అంది:

"తలుపు డంపర్ల బాట దిక్కు పెట్టకుండ్రి సార్. లోపట గడియ గట్టిగుండాలె."

ఆ మాటతో మిగతా వాళ్లకూ ధైర్యం వచ్చింది. బకెట్, వెలుతురు, నెలసరి రోజుల్లో కాస్త నడుం వాల్చే చోటు, ఒక్కొక్కటే చెప్పారు.

"మరి మాకు?" అని నర్సింగం సణిగాడు. తప్పేమీ లేదనిపించి మేనేజరు మగవాళ్లకూ వేరే గది వేయించాడు. మిట్టమధ్యాహ్నం అందరూ కాసేపు పని ఆపి చల్లటి నీళ్లు తాగేలా రేకుల నీడ కూడా ఏర్పాటైంది.

సంతోషి తిరిగి పనిలోకి వచ్చిన రోజు గ్లాసు చేతిలో పట్టుకుని తటపటాయించింది. అలవాటు అంత తొందరగా పోదు.

"తాగు పిల్లా, ఇగ ఫికర్ లేదు," అంది పోశవ్వ.

ఆమె తాగింది. ఇంకో గ్లాసు కూడా అడిగి తాగింది.

వానలు మొదలవగానే గనిలోకి నీరు ఉరికింది. పంపులన్నీ ఎత్తుకు చేర్చమని సంతోషి కబురు పంపింది. ట్రాక్టరు వచ్చింది. పంపుల కంటే ముందు ఆడవాళ్ల గదిని లాక్కెళ్లి పై అంచున నిలబెట్టింది. అలా చేయమని ఆమె ఎవరికీ చెప్పలేదు.