ముట్టినాయి

చెక్క ఫ్రేములో పలక బిగించి, అంచు వెంట బొటనవేలు పోనిచ్చి చూసుకున్నాడు యోసేపు. గరుకు తగల్లేదు. మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లుగా ఇదే పని. అతని చేతి పలకల మీద ఎందరు పిల్లలు దిద్దుకున్నారో గానీ, మహానుభావుడికి అక్షరం ముక్క రాదు. ఒక్క మాటను మాత్రం చూసి పోల్చుకుంటాడు: ముట్టినాయి.

అది కూతురు కావ్య రాసే మాట. కావ్య తల్లి ఝాన్సీతో ఆరేళ్లు కాపురం చేశాడు. తాళి కట్టలేదు, చర్చిలో పెళ్లి ప్రకటనకు పేర్లు చదివించలేదు. విడిపోయినప్పుడు "పెళ్లే కాలేదు, నీకేం బరువురా" అని తోటివాళ్లు ఎగదోశారు. కోర్టు ఒప్పుకోలేదు. పెళ్లి లేకపోతేనేం, బిడ్డ ఉంది కదా, పద్దెనిమిదేళ్లు నిండేదాకా నెలనెలా ఖర్చులకు ఇవ్వమంది. ఝాన్సీ అతనితో పలికేది కాదు, కాగితం మీద సంతకమూ పెట్టేది కాదు. డబ్బు అందగానే, అతను తెచ్చిచ్చిన పలక మీద పిల్లే ఆ మాట రాసి చూపించేది.

డబ్బు ఫోన్లో పంపమని తోటివాళ్లంటే యోసేపుకు ఒళ్లు మండేది. "ఫోన్లో పంపితే పిల్ల మొఖం ఎట్ల కనపడుద్ది, మీ తలకాయ!"

మొన్ననే కావ్యకు పద్దెనిమిది నిండాయి. అయినా మధ్యాహ్నం చేతులు కడుక్కుని, డబ్బు జేబులో పెట్టుకుని కంభం బస్సెక్కాడు. దారంతా ఒకటే గుబులు. ఇక ఏ వంక పెట్టుకుని రావాలి?

ఝాన్సీ ఇంటి గుమ్మంలో సంచులు కనిపించాయి. నంద్యాలలో నర్సింగు సీటు వచ్చిందట. ఆటో కూడా వచ్చేసింది.

"ఇంక ఇయ్యాల్సిన పని లేదంట కదా," అంది కావ్య.

"లేకుంటే ఏంది? ఉంచు."

"వద్దు. నాకు స్కాలర్‌షిప్పు వస్తాది."

అతని చెయ్యి వెనక్కి నెట్టి, పలక తీసి గబగబా ఏదో రాసి, అతని చేతిలో పెట్టి ఆటో ఎక్కింది. ఆటో సందు తిరిగింది.

యోసేపు పలక చూశాడు. ముట్టినాయి కాదు. ఇవి వేరే అక్షరాలు. రావద్దని రాసి ఉంటుంది, ఇంకేం రాస్తుంది? కళ్లలో నీళ్లు తిరిగాయి. భుజం మీది తువ్వాలు తీసి పలక మీది రాత తుడవబోయాడు.

"తుడవమాక!"

ఝాన్సీ గొంతు. పదమూడేళ్ల తర్వాత వింటున్నాడు. ఆమె దగ్గరికి వచ్చి, అతని ముఖం చూడకుండా చదివింది. "నాయనా, హాస్టల్లో కలవనిచ్చేది ఆదివారం మూడు గంటలకు. ఊరికే రా."

తిరుగు బస్సులో ఒక్క సీటే ఖాళీగా ఉంది. యోసేపు నిలబడే వచ్చాడు. ఆ సీట్లో, రాత పైకి ఉండేలా, పలక.