నడిమి ఆకు

కుర్మయ్య ఒక చేత్తో రొట్టె తింటూ, రెండో చేత్తో మొక్కల ట్రేను ఎత్తి అడుగు చూశాడు. రంధ్రాల్లోంచి ఇంకా నీటిచుక్కలు రాలుతున్నాయి. పక్క ట్రే ఎత్తాడు. అదీ అంతే. వరుస చివరికి వెళ్లేసరికి రొట్టె అయిపోయింది. తిన్నట్టు కూడా అతనికి తెలియలేదు.

శంషాబాద్ దాటి కొత్తూరు వైపు వెళ్లే దారిలో, రోడ్డుకు కాస్త లోపలగా ఉంది ఆ నర్సరీ. మూడు వేల చామంతి కొమ్మలు కత్తిరించి, తేమ గదిలో వేళ్లు పుట్టించి, పది రోజుల కిందట బయట నీడవల కిందికి మార్చారు. మార్చింది కుర్మయ్యే. అప్పుడవి ముదురాకుపచ్చగా ఉన్నాయి. తర్వాత జ్వరమని చెప్పి మూడు రోజులు పనికి రాలేదు. జ్వరం కాదు. ఛాతీలో బరువు, ఎడమ చెయ్యి లాగడం. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. తిరిగొచ్చి చూస్తే మొక్కలన్నీ పసుపుపచ్చగా, తలలు వేలాడేసుకుని ఉన్నాయి.

యాభై తొమ్మిదేళ్ల మనిషి. సన్నగా, పొడుగ్గా, భుజాలు ముందుకు వంగి ఉంటాడు. గోళ్ల సందుల్లో, ట్రేల్లో మట్టికి బదులు నింపే కొబ్బరి పొట్టు ఎప్పుడూ ఇరుక్కునే ఉంటుంది. కాళ్లు మాత్రం ఒకచోట నిలవవు. మాట్లాడుతూ మాట్లాడుతూనే నాలుగడుగులు అటు వేస్తాడు, మళ్లీ వెనక్కి వస్తాడు.

"యూరియా కొడితే రెండు దినాలల్ల మళ్ల పచ్చగైతయ్," అన్నాడు సూపర్‌వైజర్ గోవర్ధన్, నడుం మీద చేతులు పెట్టుకుని.

"జరమొచ్చినోనికి బిర్యానీ పెడ్తమా?" అంటూ కుర్మయ్య ఒక మొక్కను వేళ్లతో నెమ్మదిగా పైకి తీశాడు. పొట్టు ముద్దలా వచ్చింది. పుల్లటి వాసన. "మూడు దినాలు ఆపకుండ నీళ్లు పెట్టిండ్రు. వేరుకు ఊపిరాడ్తలేదు. తిండి ఎట్ల దింటది?"

గోవర్ధన్ ముఖం తిప్పుకున్నాడు. "సార్ మధ్యాన్నం వస్తున్నడు. ఆయనకే చెప్పుకో."

కుర్మయ్య ఆగలేదు. షెడ్డు వెనక పడి ఉన్న ఇటుకలు మోసుకొచ్చాడు. వాటి మీద వెదురు కర్రలు పరిచి, ట్రేలన్నీ నేల మీంచి ఎత్తి వాటి మీద పెట్టసాగాడు, అడుగు నుంచి గాలి ఆడాలని. పడమటి వైపు తెర చుట్టి కట్టాడు. అతనితో పాటు పనిచేసే సత్తెమ్మ పూర్తిగా పండిన కింది ఆకులు మాత్రం గిల్లి బుట్టలో వేస్తోంది. పదకొండు దాటేసరికి అతని చొక్కా వీపుకు అంటుకుపోయింది. రెండుసార్లు కర్ర పట్టుకుని ఆగి, నోటితో ఊపిరి తీసుకున్నాడు.

"అన్నా, జర కూసో. మొఖం గట్ల తెల్లగైంది ఏంది?"

"కూసుంటె పనైతదా?" అని మళ్లీ ఇటుకల కోసం వెళ్లాడు.

సత్తెమ్మ మళ్లీ ఆకులు గిల్లసాగింది. అతను ఎందుకు కూర్చోడో ఆమెకు తెలుసు. ఆరేళ్ల కిందట కుర్మయ్య భార్య అంజమ్మను దవాఖానలో చేర్చారు. రెండు రాత్రులు కంటిమీద కునుకు లేకుండా ఆమె మంచం పక్కనే నిలబడ్డాడు. మూడో రోజు పొద్దున నర్సు, "కాసేపు బయట బల్ల మీద కూర్చో, పిలుస్తాం" అంది. కూర్చున్నాడు. అలాగే నిద్రపోయాడు. మెలకువ వచ్చి లోపలికి పరుగెత్తితే మంచం మీది దుప్పటి మారుస్తున్నారు. పిలిచారట. వినబడలేదు. ఆ రోజు నుంచి అతను కూర్చోగా ఎవరూ చూడలేదు. మైలార్‌దేవ్‌పల్లి నుంచి వచ్చే బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా కడ్డీ పట్టుకుని నిలబడే వస్తాడు.

మధ్యాహ్నం యజమాని సూర్యప్రకాశరావు వచ్చేసరికి భాగ్యలక్ష్మి అప్పటికే వచ్చి ఉంది. కందుకూరు దగ్గర అరెకరంలో పూలు వేసుకునే రైతు. ఈ మూడు వేల మొక్కలూ ఆమెవే. ట్రేల మధ్య నిలబడి, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది.

రావు ఒక ఆకును పట్టుకుని చూసి వదిలేశాడు. "ఇలాంటి మొక్కలిచ్చి మాట పడటం నాకిష్టం లేదమ్మా. వీటిని పారేయిస్తాను. వచ్చే నెల కొత్తవి ఇస్తాను."

"వచ్చే నెల నేనేం జేసుకోను సారూ? దున్ని బోదెలు తోలి పెట్టిన. ఈ పది దినాలల్ల పెట్టకుంటె బతుకమ్మకు పువ్వందదు. ఆ పువ్వు మీదనే కదా మా ఏడాది..." ఆమె మాట హోరులో మునిగిపోయింది. తల మీదుగా విమానం దిగుతోంది. అది వెళ్లేదాకా అందరూ అలాగే నిలబడ్డారు.

ఆ చప్పుడు తగ్గకముందే కుర్మయ్య మాట్లాడాడు. "సారూ, పారేయద్దు."

"చచ్చిపోయిన వాటిని ఏం చేసుకుంటావయ్యా?"

"సావలే." ఒక మొక్కను తీసి, పొట్టు రాల్చి, వేరును అరచేతిలో పరిచాడు. సగం గోధుమ రంగుకు తిరిగింది. కొనల్లో మాత్రం దారప్పోగులంత తెల్లగా కొత్త వేళ్లు. "గిది సూడుండ్రి. పండిన ఆకు మళ్ల పచ్చగ గాదు, దాన్ని సూడొద్దు. నడిమి ఆకు సూడాలె. గది పచ్చగ లేసిందంటె చెట్టు నిలవడ్డట్టే."

రావు కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూశాడు. "ఎన్నాళ్లు కావాలి?"

"ఎనిమిది దినాలు."

"నువ్వు చూసుకుంటావా?"

"తప్పు నాదే సారూ. మూడు దినాలు నేను లేకుంటిని."

"సరే. నీ మాట మీద ఉంచుతున్నాను."

భాగ్యలక్ష్మి వెళ్తూ వెళ్తూ అతని దగ్గర ఆగింది. "బతుకుతయా బాపూ?"

"బతుకుతయ్ బిడ్డా," అన్నాడు. అప్పటికే రెండో వరుస వైపు నడుస్తున్నాడు.

సాయంత్రం సత్తెమ్మకు చెప్పాడు. "పొద్దుగాల్ల వేలు లోపలికి పెట్టి సూడు. పొట్టు వేలికంటితె నీళ్లు పెట్టకు. అంటకుంటెనే కొన్ని పెట్టు. ఐదో దినం నుంచి ఎరువు మందు నీళ్లు, డబ్బ మీద రాసిందాంట్ల పావు వంతే కలుపు."

"నువ్వుండవా ఏంది, నాకు చెప్తున్నవ్?"

కుర్మయ్య నవ్వాడు. గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు. ఒక ట్రేలో వేలు పెట్టి చూశాడు. మళ్లీ గేటు దాకా వెళ్లి, మళ్లీ వచ్చి, పడమటి తెరను ఇంకో జానెడు పైకి కట్టాడు. బస్సు హారన్ వినబడితే గానీ కదల్లేదు.

తర్వాత నాలుగు రోజులూ అందరికంటే ముందే వచ్చాడు. ఐదో రోజు రాలేదు. తొమ్మిదింటికి అతని ఇంటి ఓనరమ్మ గోవర్ధన్‌కు ఫోన్ చేసింది. పొద్దున తలుపు తీయలేదని, పగలగొట్టి చూస్తే నిద్రలోనే పోయాడని చెప్పింది. గోవర్ధన్ ఫోన్ జేబులో పెట్టుకుని, ఏం చేయాలో తోచక నీళ్ల పంపు కట్టేశాడు. సత్తెమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. ట్రేల దగ్గరికి వెళ్లి మొదటిదాంట్లో వేలు పెట్టింది. పొట్టు అంటలేదు. మందు నీళ్లు పావు వంతు కలిపి తెచ్చింది.

ఎనిమిదో రోజు భాగ్యలక్ష్మి ట్రాలీ ఆటోతో వచ్చింది. మూడు వందల మొక్కలు పోయాయి. మిగతా వాటిలో ప్రతి మొక్క మధ్యా గోరంత కొత్త ఆకు, కడిగినట్టు పచ్చగా.

"బాపు ఏడి?" అంది ఆమె.

సత్తెమ్మ చెప్పింది. ట్రేలు ఎక్కించడానికి మనుషులు వస్తే భాగ్యలక్ష్మి వద్దని, అన్నీ తనే ఒక్కొక్కటిగా రెండు చేతులతో మోసుకుంది.

ఆ ఆదివారం గది ఖాళీ చేయడానికి సత్తెమ్మ మైలార్‌దేవ్‌పల్లి వెళ్లింది. కుర్మయ్యకు వేరే ఎవరూ లేరు. ఓనరమ్మ తాళం తీసి గడప దగ్గరే నిలబడింది.

"పోయే ముందు దినమే కొనుక్కొచ్చిండమ్మా. ఇంత సంబురంగ ఎన్నడు సూడలే. ఆకు లేసింది, ఇగ జర కూసుంట అన్నడు."

కిటికీ పక్కన, వెలుతురు పడేచోట, చుట్టిన ప్లాస్టిక్ కవరు ఇంకా విప్పని కొత్త నీలం కుర్చీ ఉంది.