ఎడమ చేతి గది

మా ఫ్యాక్టరీలో ఇళ్లు బల్లల మీద పుడతాయి. పునాది తవ్వడం, ఇటుక మోయడం, వాన వస్తే పని ఆపుకుని కూర్చోవడం మాకు తెలియవు. గోడని పడుకోబెట్టి తయారుచేస్తాం, లేపి నిలబెడతాం. నాలుగు గోడలు కలిపి గది చేసి, టైల్సు, కుళాయి, అద్దం, సబ్బుగూడుతో సహా బిగించి, ప్లాస్టిక్ చుట్టి లారీ ఎక్కిస్తాం. భవనం కట్టే చోట క్రేన్ వాటిని ఒకదాని మీద ఒకటి పేరుస్తుంది. వారంలో నాలుగంతస్తులు లేస్తే చూసేవాళ్లు ముక్కున వేలేసుకుంటారు.

నేను మూడో బల్ల మేస్త్రిని. బాత్రూములన్నీ నావే. పదకొండేళ్లలో నా బల్ల మీంచి వెళ్లిన గది ఒక్కటి కూడా తిరిగి రాలేదు. ఈ మాట రోజుకోసారైనా అంటానని నా వెనక నవ్వుకుంటారట. నవ్వుకోనీ. వాళ్ల గదులు తిరిగొచ్చాయి మరి.

మా ఆయన కూడా అక్కడే పనిచేసేవారు. క్రేన్ కొక్కేనికి ఈ గదుల పెట్టెలు తగిలించడం, దిగాక విప్పడం ఆయన పని. చుట్టాలకీ పనివాళ్లకీ కూడా ఆయన కొక్కెం బావే. రెండేళ్ల కిందట తాడు పట్టుకుని నిలబడ్డ మనిషి ఉన్నట్టుండి కూలిపోయారు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి. నోరు మాత్రం చెక్కుచెదరలేదు. దానికి కూడా కాస్త తగిలి ఉంటే బాగుండేదని నేను చాలాసార్లు అనుకున్నాను. అన్నం మెత్తగా ఉంటే ఒక మాట, పలుకుగా ఉంటే రెండు మాటలు. నా నడక మీద మాట, నా దగ్గు మీద మాట.

ఒక్క సమయంలోనే ఆయన నోరు పడిపోయేది. దొడ్డికి తీసుకెళ్లేటప్పుడు. ఆయన ఎడమచెయ్యి నా మెడ చుట్టూ వేయించుకుని, చక్రాల కుర్చీలోంచి లేపి, తిప్పి, పైజామా దించి కూర్చోబెట్టేదాన్ని. తర్వాత కడిగేదాన్ని. నలభై ఏడేళ్ల మగవాడు, నాలుగు టన్నుల పెట్టెని కంటిసైగతో దింపించినవాడు, పైకప్పు కేసి చూస్తూ ఉండిపోయేవారు.

ఒకరోజు అన్నారు: "అన్నం నువ్వు తినిపించినా సరే, స్నానం నువ్వు చేయించినా సరే. ఈ ఒక్క పనీ నా అంతట నేను చేసుకుంటే చాలే. నేనింకా మనిషినేనని నమ్ముతాను."

వ్యాయామం నేర్పే మనిషి దగ్గరకి ఆర్నెల్లు తీసుకెళ్లాను. ఎడమవైపు గోడకి రాడ్డు ఉంటే, ఆ చేత్తో పట్టుకుని కుర్చీలోంచి లేచి, తిరిగి, కూర్చుని, మళ్లీ లేవడం నేర్చుకున్నారు. మొదటిసారి ఒంటరిగా లేచిన రోజున చిన్నపిల్లాడిలా ఏడ్చారు. నేనూ ఏడ్చాను. మర్నాడు మళ్లీ అన్నం మీద గొడవ.

అప్పుడే కంపెనీ పనివాళ్ల కోసం ఒక నాలుగంతస్తుల భవనం మొదలుపెట్టింది. మాకు కింది ఇల్లు ఇచ్చారు. మేనేజర్ని అడిగితే బాత్రూము ఆయనకి తగ్గట్టు మార్చుకోమన్నాడు. కమోడు మీద కూర్చున్న మనిషికి ఎడమవైపు గోడ, ఆ గోడకే రాడ్డు, కుడివైపు చక్రాల కుర్చీకి నాలుగడుగుల ఖాళీ. ఆ గదిని నా బల్ల మీద నా చేతుల్తోనే చేస్తానని చెప్పాను. ఆ గోడల మీద ఇంకొకర్ని చెయ్యి వెయ్యనివ్వలేదు.

మా పనిలో ఒక తిరకాసుంది. బల్ల మీద గోడ బోర్లా పడుకుని ఉంటుంది, టైల్సు అంటించే మొహం కిందికి. లేపి నిలబెట్టాక దాని ఎడమ కుడి అవుతుంది, కుడి ఎడమ అవుతుంది. అందుకని నేను ఆఫీసు వాళ్లు ప్లాను గీసిచ్చే గీత కాగితాన్ని వెనక్కి తిప్పి, కిటికీ అద్దానికి ఆనించి, వెలుగులో కనబడే గీతని చూసి కొలతలు తీస్తాను. పదకొండేళ్లుగా అదే పద్ధతి. కొత్తగా చేరినవాళ్లకి ఇది బుర్రకెక్కడానికే ఆర్నెల్లు పడుతుంది.

అంతకు పది రోజుల ముందు ఆఫీసులోకి ఒక గీతల పిల్ల వచ్చింది. పాతికేళ్లుంటాయేమో. కంప్యూటర్లో గీస్తుంది, మాట్లాడితే మీ మొహాన్ని కాకుండా మీ చేతుల్ని చూస్తుంది. వచ్చీరాగానే మీటింగు పెట్టించి, ఇకనుంచి గీతల్ని తనే తిప్పి గీసి ఇస్తానని, బల్లల దగ్గర ఎవరూ తిప్పక్కర్లేదని చెప్పిందట. నేను వెళ్లలేదు. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల నాకు ఎడమేదో కుడేదో చెబితే వినడానికి నాకేం పని లేదా?

ఆ పిల్ల గీసి నా బల్లకి పంపిన మొదటి కాగితం మా ఆయన గదిదే. తిప్పి అద్దానికి ఆనించాను. ఆ పిల్ల అటుగా పోతూ ఆగింది.

"అక్కా, అది తిప్పేసే ఉంది. కింద రాశాను చూడండి. మీరు మళ్లీ తిప్పితే..."

బల్ల చుట్టూ ఏడుగురున్నారు. సుత్తి చప్పుడు ఆగింది. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఏమ్మా, నువ్వు పుట్టాక ఎన్ని గోడలు లేపావు?" అన్నాను.

"అది కాదక్కా..."

"మీ ఇంట్లో బాత్రూము ఎటుందో తెలుసా, లేక రోజూ మీ అమ్మ చెయ్యి పట్టుకుని తీసుకెళ్తుందా?"

అందరూ పగలబడి నవ్వారు. ఆ పిల్ల మొహం కందిపోయింది. వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. కింద మూలన ఏదో చిన్న అక్షరాల్లో రాసి ఉన్న మాట నిజమే. నేను చదవలేదు.

గోడలు చేసి పంపాను. లేపి గది కట్టేది పక్క షెడ్డులో. ప్లాస్టిక్ చుట్టేముందు నేను వెళ్లి చూసి సంతకం పెట్టాలి. గది కట్టిన మూడు రోజులూ మా ఆయనకి జ్వరం, ఇంట్లో ఉండిపోయాను. తిరిగొచ్చేసరికి గది మూట కట్టి ఉంది. నా గదిని నేనేం చూడాలిలే అని సంతకం పెట్టేశాను. తలుపు నడిమధ్యన ఉంటుంది, పైపులు రెండువైపులా కలుపుకునే వీలుంటుంది, బయటినుంచి ఎవరికీ ఏమీ తెలియదు.

పెట్టెలు పేర్చే రోజు వచ్చింది. ఎండ చురచురలాడుతోంది. మేనేజరు, ఆఫీసు వాళ్లు, పనివాళ్లు, ఇళ్లు రాబోయే వాళ్లు, నలభై మంది దాకా చేరారు. మా గదే ముందు దిగింది. పెట్టె దిగగానే కొక్కెం విప్పరు. బల్ల మేస్త్రి ప్లాస్టిక్ కోసి, లోపలికి వెళ్లి చూసుకుని, బయటికొచ్చి చెయ్యెత్తాలి. చెయ్యి లేస్తేనే విప్పుతారు. ఆ తర్వాత దాని మీద ఇంకో పెట్టె, దాని మీద మరోటి. ఇక ఆ గదిని కదపాలంటే భవనమంతా దించాలి. ఈ కట్టడి పెట్టించింది మా ఆయనే.

లోపలికి వెళ్లాను. ప్లాస్టిక్ వాసన, జిగురు వాసన. టైల్సు అద్దంలా ఉన్నాయి. ఒక్క గీత వంకర లేదు. కూర్చునే మనిషికి కమోడు కుడి గోడ పక్కన ఉంది. రాడ్డు కుడి గోడకి ఉంది. ఎడమవైపు నాలుగడుగుల ఖాళీ.

ఆ పిల్ల ఒకసారి తిప్పింది. నేను రెండోసారి తిప్పాను. ఇంకేమీ జరగలేదు.

తలుపు దగ్గరకొచ్చి బయటికి చూశాను. కొక్కెం ఇంకా తగిలించే ఉంది. "ఆపండి, వెనక్కి తీసుకెళ్లండి" అంటే పది నిమిషాల పని. మేనేజరు విసుక్కునేవాడు, వారంలో ఇంకో గది చేసేదాన్ని. మేనేజరు పక్కనే ఆ గీతల పిల్ల నిలబడి ఉంది. దాని వెనక నా బల్ల వాళ్లు ఏడుగురూ ఉన్నారు. ఆ రోజు నాతో కలిసి నవ్వినవాళ్లే.

"సరిగ్గానే ఉందా అక్కా?" అంది ఆ పిల్ల. వెటకారంగా కాదు. నిజంగానే భయపడుతూ అడిగింది.

నా కడుపు మండింది.

"నా గదులెప్పుడూ సరిగ్గానే ఉంటాయి" అని చెయ్యెత్తాను.

కొక్కెం విప్పారు. మధ్యాహ్నానికి మా గది మీద మూడు గదులు కూర్చున్నాయి.

ఇంట్లోకి దిగడానికి నాలుగు రోజుల ముందు మేనేజరు దగ్గరకి నేనే వెళ్లి, గీత తప్పని, గీతలో ఉన్నట్టే ఉంది కాబట్టే ఆ రోజు చెయ్యెత్తానని చెప్పాను. ముందే చెప్పకపోతే తర్వాత నా మీదికే వస్తుంది. మేనేజరు కంప్యూటర్లో గీత తెరిచి చూశాడు. రాడ్డు కుడివైపే కనబడింది. బల్ల కోసం తిప్పి గీసినదాంట్లో అలాగే కనబడుతుంది. ఆ పిల్లని పిలిపించాడు.

"సార్, అది తిప్పి గీసింది. కింద రాశాను" అంది.

"కింద రాసింది ఎవరు చదువుతారమ్మా?" అన్నాడు మేనేజరు. ఆయన తెలివి అంత.

ఆ పిల్ల నా వైపు తిరిగింది. "అక్కా, మీకు బల్ల దగ్గరకొచ్చి చెప్పాను కదా. అందరూ విన్నారు కదా."

బల్ల వాళ్లని అడిగారు. వినలేదన్నారు. పొద్దున లేస్తే నా మొహమే చూడాలి మరి. ఆ పిల్ల అదే రోజు సాయంత్రం సంచీ సర్దుకుని వెళ్లిపోయింది. గేటు దాకా ఏడుస్తూనే ఉంది. జాలి పడ్డానంటే అబద్ధం. గండం గడిచిందనుకున్నాను.

రాడ్డు ఎడమవైపుకి మార్చొచ్చు కదా అని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను. ఎడమ గోడ ఆయన చేతికి అందదు. నేలకి బిగిద్దామంటే నేల మొత్తం ఒకే పళ్లెం, బెజ్జం పడితే నీళ్లు దిగి కింద అంతా కుళ్లిపోతుంది. మనిషి బరువు మోసే రాడ్డుకి గోడలో ముందే చెక్క పెట్టి ఉండాలి. ఆ చెక్క ఎక్కడ పెట్టానో నాకు తెలుసు.

ఆయనకి మాత్రం చెప్పలేకపోయాను.

కొత్తింట్లో అడుగుపెట్టగానే ఆయన వంటగది చూడలేదు, కిటికీ చూడలేదు. "నువ్వు రావద్దు" అని, ఎడమచేత్తో చక్రం తోసుకుంటూ, గోడలకి రెండుసార్లు కొట్టుకుంటూ, బాత్రూములోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. గొంతులో ఏదో పాట కూనిరాగం తీస్తున్నారు. అది ఆగిపోయింది.

"ఏమే" అని పిలిచారు.

వెళ్లాను. కుర్చీలోనే ఉన్నారు. రాడ్డు కేసి చూస్తున్నారు. తిట్టలేదు. ఆయన తిడితే బాగుండునని కోరుకున్నది నా జన్మలో అదొక్కసారే.

"రెండుసార్లు తిరిగిపోయింది" అన్నారు. కొక్కెం పని చేసినవాడికి చెప్పక్కర్లేదు.

"గీతల పిల్ల తప్పు చేసింది" అన్నాను.

ఆయన కాసేపు కమోడు వైపు, కాసేపు గోడ వైపు చూశారు. పెట్టె ఎలా దించాలో లెక్క వేసుకునేటప్పుడు అలాగే చూసేవారు. "గది తిరగబడితే మనిషి కూడా తిరగబడాలి" అన్నారు. "నన్ను గోడ కేసి కూర్చోబెట్టు. అప్పుడు రాడ్డు ఎడమచేతికొస్తుంది."

పైజామా పూర్తిగా విప్పాల్సి వచ్చింది. ఆయన రాడ్డు పట్టుకుని లేచారు. చచ్చుబడిన కాలిని నేను ఎత్తి అటువైపు వేశాను. గుర్రమెక్కినట్టు కాళ్లు చెరోవైపు వేసుకుని, నీళ్ల ట్యాంకుని కావలించుకుని, నుదురు టైల్సుకి ఆనించి కూర్చున్నారు. నా గోడ టైల్సు.

"పో. తలుపు వెయ్యి" అన్నారు.

తలుపు వేసి బయట నిలబడ్డాను. దిగాలంటే మళ్లీ నేను వెళ్లి కాలు ఎత్తాలి. రోజూ ఎత్తాలి. బతికున్నంత కాలం.

"ఏమే" అన్నారు లోపలినుంచి. గోడకి తగిలి గొంతు బొంగురుగా వినబడింది. "పెట్టె దిగాక లోపలికెళ్లి చూశావు కదా?"

"చూశాను."

"చూసి చెయ్యెత్తావా?"

అబద్ధమాడి లాభం లేదు. "ఎత్తాను" అన్నాను.

తర్వాత చిన్న నవ్వు వినబడింది. పెళ్లయిన కొత్తల్లో విన్న నవ్వు అది.

"ఎందుకెత్తావో నాకు తెలుసులే" అన్నారు. "నా పని నేను చేసుకుంటే ఇక నీతో పనేముందని భయపడ్డావు. నీ మెడ మీంచి చెయ్యి తీసేస్తానని. అంతేనా? నిన్ను ఇన్నేసి మాటలన్నాను, అయినా నన్ను వదులుకోలేకపోయావు. ఇంత పిచ్చిదానివేంటే నువ్వు?"

ఆయన ఏడుస్తున్నారు. సంతోషంతో ఏడుస్తున్నారు.

నేను ఆ తలుపు ముందు నిలబడి, చెయ్యెత్తిన ఆ నిమిషాన్ని మూలమూలా వెతికాను. అందులో మేనేజరు ఉన్నాడు. నా బల్ల వాళ్లు ఏడుగురూ ఉన్నారు. ఆ పిల్ల మొహం ఉంది, నా పదకొండేళ్లు ఉన్నాయి. ఆయన లేరు. ఆయన కోసం చేసిన గదిలో నిలబడి, ఆయన రాడ్డుని కళ్లారా చూస్తూ కూడా, ఆయన నాకు గుర్తే రాలేదు.

"అవునండీ, భయమేసింది" అన్నాను, కాలు దించడానికి తలుపు తీసుకుని లోపలికి వెళ్లాను.