పలచగా పడిన ముద్ర

మా ఇంట్లో గ్లాసు పగిలితే ఊడ్చి పారేయడానికి వీల్లేదు. మా ఆయన నేల మీద పాత పేపరు పరిచి, ముక్కలన్నీ ఏరి, గ్లాసును మళ్లీ గ్లాసులా పేర్చి చూసేవారు. ఎక్కడైనా చిన్న ఖాళీ కనబడితే ఆ ముక్క దొరికేదాకా బల్ల కింద, బీరువా కింద టార్చి వేసి వెతకాల్సిందే. పోయిన గ్లాసుకి పోస్టుమార్టం ఏమిటండీ, అవతల కూర మాడుతోంది అని నేను విసుక్కునేదాన్ని. దొరకని ముక్క ఎప్పుడూ ఎవరో ఒకరి కాల్లోనే దొరుకుతుంది అనేవారు ఆయన. విమానాలు బాగుచేసే షెడ్డులో అది అలవాటట. ఏ పనిముట్టు విరిగినా, ముక్కలన్నీ పేర్చి, ఏదీ లోపల ఉండిపోలేదని తేలాకే విమానం మూత బిగిస్తారు.

ఆయన అక్కడ మెకానిక్కు. ఆయన చెల్లెలు అదే షెడ్డు పై అంతస్తులో, రికార్డుల గదిలో పనిచేస్తుంది. ఏ విమానంలో ఏ పంపు ఉంది, అంతకుముందు అది ఏ విమానంలో ఉండేది, ఎవరు విప్పారు, ఎవరు బిగించారు, ఇవన్నీ తన దగ్గర ఉంటాయి. కాగితం లేని భాగం తళతళలాడే కొత్తదైనా సరే, వాళ్ల లెక్కలో తుక్కే. మెకానిక్కులు పని ముగించి కాగితం మీద స్టాంపు వేస్తారు. అది వంకరగా పడినా, పలచగా పడినా మా ఆడపడుచు వెనక్కి పంపేస్తుంది. సొంత అన్నకైనా మినహాయింపు లేదు. అందుకే ఆయన తనకి జడ్జిగారని పేరు పెట్టారు. "మా జడ్జిగారికి ఇంట్లోవాళ్ల పుట్టినరోజులు గుర్తుండవు, పంపులవి మాత్రం తేదీలతో సహా చెబుతుంది" అని భోజనాల దగ్గర ఏడిపించేవారు. తను కంచంలోంచి తల ఎత్తకుండానే, "పంపులు నా మీద చాడీలు చెప్పవుగా" అనేది.

ఆ స్టాంపు బొటనవేలంత ఉంటుంది. చెక్క పిడి, చివర గుండ్రటి రబ్బరు, అందులో నంబరు. పేరుండదు. ఆయనది నలభై ఒకటి. షెడ్డులో సగం మంది ఆయన్ని నలభై ఒకటనే పిలిచేవారు. ఒకరి స్టాంపు ఇంకొకరు ముట్టుకోకూడదు కాబట్టి ఆయన దాన్ని చిన్న తోలు సంచిలో పెట్టి, తాడు కట్టి, మెళ్లో వేసుకుని చొక్కా లోపల దాచుకునేవారు. పెళ్లయిన కొత్తలో ఆ సంచిలో ఎవరి ఫొటో ఉందోనని నేను పడిన అనుమానం ఆయన ఎన్నేళ్లయినా మర్చిపోలేదు. నలుగురిలో కూర్చోబెట్టి మరీ చెప్పేవారు.

ఇంట్లో దానికి సిరా తగలనిచ్చేవారు కాదు. కానీ ఏ కూరైనా బాగా కుదిరితే, తిని చెయ్యి కడుక్కుని వచ్చి, స్టాంపు తీసి నా అరచేతిలో ఉత్తినే అద్దేవారు. తనిఖీ అయింది, పని బాగుంది అనేవారు. చర్మం మీద గుండ్రంగా ఒక నొక్కు పడేది. గిన్నెలు తోమడం అయ్యేలోగా అది పోయేది.

ఆయన పోయింది ఒక మామూలు ఉదయం. గడ్డం గీసుకుంటూ ఎడమ చెయ్యి లాగుతోంది అన్నారు. ఆసుపత్రికి చేరేసరికి మాట లేదు. ఒక చెంప నున్నగా, ఒక చెంప మీద సబ్బు నురగ ఎండిపోయి, అలాగే పడుకోబెట్టారు. నర్సు చొక్కా, చెప్పులు ఒక కవర్లో పెట్టింది. తోలు సంచి మాత్రం విడిగా నా చేతికిచ్చింది. మా ఆడపడుచు అప్పుడు ఎదురుగా గోడకి ఆనుకుని నిలబడి ఉంది. తను చూసింది. తన కంట పడనిదంటూ ఏదీ ఉండదు.

ఆ తర్వాత రోజూ పొద్దున్నే వంటింట్లో నిలబడి ఆ స్టాంపు అరచేతిలో అద్దుకునేదాన్ని. తనిఖీ చేయడానికి వంటేమీ ఉండేది కాదు. నొక్కు ఉన్నంతసేపూ చూసి, పోయాక స్టవ్ వెలిగించేదాన్ని. షెడ్డు నుంచి ఫోన్ చేసి స్టాంపు అడిగారు. వెతుకుతున్నానన్నాను. మళ్లీ అడిగారు. ఇంకా వెతుకుతున్నానన్నాను.

ఒక ఆదివారం మా ఆడపడుచు వచ్చింది. టీ ఇస్తే పట్టుకుని కూర్చుంది కానీ తాగలేదు. మనిషి పోతే స్టాంపు తిరిగి తీసుకుని, ముక్కలు చేసేస్తారని, ఆ నంబరు ఇక ఎవరికీ ఇవ్వరని తాపీగా చెప్పింది. రేపటికి అది రాకపోతే పోయినట్టు నోటీసు బోర్డు మీద పెడతారట. అది ఎవరి చేతిలో పడిందో తెలియదు కాబట్టి, ఈ మధ్య ఆ నంబరు పడిన కాగితాలన్నీ బయటికి లాగి, ఆ పనులన్నీ మళ్లీ చూస్తారట.

చూడనీ, ఆయన పనిలో తప్పు దొరుకుతుందా అన్నాను.

"దొరకదు. కానీ నలభై ఒకటి పక్కన 'పోగొట్టారు' అని రాయాలి. రాయాల్సింది నేనే. స్టాంపు పోగొట్టుకున్నవాడిగా మిగిలిపోతాడు వదినా, అన్నయ్య."

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. ఎదురుగా తనుంది.

"మరి నన్నేం చేస్తారు? ఎక్కణ్ణుంచి విప్పారో, ఎక్కడ బిగించాలో తెలియని భాగాన్నేగా నేనిప్పుడు. మీ లెక్కలో తుక్కేగా."

ఎంత మాటకైనా ఎదురు మాట ఉండే మనిషి, లేచి కప్పు కడిగింది. కడిగినదాన్నే మళ్లీ కడిగింది. గుమ్మం దాకా వెళ్లి చెప్పుల్లో కాలు పెడుతూ, నా వైపు చూడకుండా అంది.

"ఆసుపత్రిలో నేనేమీ చూడలేదని ఆఫీసులో చెప్పాను. నోటితో అన్నాను కాబట్టి గాల్లో కలిసిపోయింది. ఆ అబద్ధాన్ని నా చేత్తో రాయించకు."

మర్నాడు బస్సెక్కాను. ఇంట్లో బయల్దేరేముందు స్టాంపు చివరిసారి గట్టిగా, నొప్పి పుట్టేలా అద్దుకున్నాను. కిటికీ పక్కన కూర్చుని చెయ్యి విప్పి చూస్తే అప్పటికే అరచెయ్యి అరచెయ్యిలా ఉంది.

రికార్డుల గదిలో ఇనుప అరలు పైకప్పు దాకా ఉన్నాయి. ఒక్కో విమానానికి ఒక్కో వరుస. కింద షెడ్డులో ఎవరో రేకు కొడుతున్న చప్పుడు నేలలోంచి కాళ్లకి తెలుస్తోంది. మా ఆడపడుచు బల్ల మీద భూతద్దం, సిరా ప్యాడు, ఒక చెక్క పీట ఉన్నాయి. సాక్షిగా పెద్ద ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మా ఆయనతో పాతికేళ్లు పనిచేసిన మనిషి, నన్ను చూడగానే టోపీ తీసి చేతిలో నలపడం మొదలుపెట్టాడు. స్టాంపు ఇంట్లోనే ఉందా అమ్మా అని మాత్రం అడిగాడు. ఉందన్నాను. ఎక్కడని ఇద్దరూ అడగలేదు.

నాశనం చేసేముందు కాగితం మీద ఒక గడిలో చివరి ముద్ర వేయాలట. ఎవరి స్టాంపు వాళ్లే వేస్తారు. మా ఆడపడుచు గడిని చూసింది, నన్ను చూసింది, ప్యాడు నా వైపు జరిపింది.

ఆ రబ్బరుకు సిరా అంటుకోవడం నేను చూడటం అదే మొదటిసారి. కాగితం మీద ఎంత గట్టిగా వేయాలో నాకెవరు చెప్పారు? ఆయన నా అరచేతి మీద అద్దినట్టే అద్దాను. నాలుగు కనబడింది. ఒకటి ఉందా లేదా అన్నట్టు పడింది.

తను భూతద్దం తీసింది. చాలాసేపు చూసింది.

"జడ్జిగారూ, ఇదే మేం వేసి ఉంటే?" అన్నాడు ఇన్‌స్పెక్టరు మెల్లగా.

"మీ మొహాన కొట్టేదాన్ని" అంది. అని, ఆ పలచటి ముద్ర కింద సంతకం పెట్టింది.

రబ్బరును పిడి నుంచి ఊడదీసి, పీట మీద పెట్టి బ్లేడుతో కోసింది. గట్టిపడిన పాత రబ్బరు, తెగేటప్పుడు ముక్కలు చిందాయి. వాటిని తెల్లకాగితం మీదికి ఏరి, వేలి కొసతో జరుపుతూ పేర్చడం మొదలుపెట్టింది. వంటింటి నేల మీద ఆయన పేర్చినట్టే. అన్నాచెల్లెళ్లవి ఒకే రకం వేళ్లని అంతవరకూ నేను గమనించలేదు.

చక్రం దాదాపు పూర్తయింది. అంచున గోరంత ఖాళీ మిగిలింది.

తను బల్ల కింద చూడలేదు. పీట ఎత్తి చూడలేదు. ఊరికే చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇన్‌స్పెక్టరు కిటికీ వైపు తిరిగాడు.

ముద్ర విషయంలో ఒప్పుకున్న మనిషి దీన్నీ ఒప్పుకుంటుందేమోనని చూశాను. ఎదురుగా ఆ ఖాళీ, నోట్లో పన్ను ఊడిన చోటులా ఉంది. అది అలా ఉంటే ఆయన నిద్రపోయేవారు కాదు. టార్చి పట్టుకుని తెల్లారేదాకా తిరిగేవారు.

గుప్పిట విప్పాను. ఇందాక నా వైపు చిందితే దాచుకున్న ముక్క, చెమటకి అరచేతికి అతుక్కుపోయింది. గోటితో తీసి ఖాళీలో పెట్టాను.

సరిపోయింది. నలభై ఒకటి, అద్దంలో చూసినట్టు తిరగబడి, గాట్లతో, పూర్తిగా ఉంది.

"అన్నీ ఉన్నాయి" అంది మా ఆడపడుచు.

ఆ మాట రాసుకుంది. కాగితం ఎత్తి ముక్కలు ఆ తోలు సంచిలో పోయాలి. కాగితం అంచు పట్టుకుంది కానీ ఎత్తలేకపోయింది. కాసేపు చూసి, సంచి నోరు నేను తెరిచి పట్టుకున్నాను.