మర్యాద నీళ్లు

నీళ్లు మందు వాసన వస్తున్నాయని మొదటి వీధివాళ్లు గొడవ చేసిన రోజుల్లో టైలరమ్మ ఆ సంగతే పట్టించుకోలేదు. ఆమెది చివరి వీధి, అందులోనూ చివరి ఇల్లు. ట్యాంకు దగ్గర బయల్దేరిన గొట్టం కాలనీ అంతా తిరిగి తిరిగి, అలిసిపోయి, ఆమె గుమ్మం ముందున్న కుళాయి దగ్గర ఆగిపోతుంది. అక్కడికి వచ్చేసరికి నీళ్లకి వాసనా ఉండేది కాదు, వేగమూ ఉండేది కాదు. రాత్రంతా గొట్టంలో నిలవున్న నీళ్లు పొద్దున్నే ముందుగా పడేది ఆమె బిందెలోనే. "అందరికీ అయ్యాక మిగిలినవే మనకి" అని నవ్వేసేది. కూతురికి జబ్బు చేశాక ఆ నవ్వడం మానేసింది.

పాపని ఇంట్లో చిట్టి అంటారు. మొదటిసారి వాంతులూ విరేచనాలూ పట్టుకున్నప్పుడు ఏదో పడనిది తిని ఉంటుందనుకున్నారు. రెండోసారీ అదే అనుకున్నారు. మూడోసారి ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది. సెలైన్ సూది గుచ్చిన చెయ్యి పక్కకి చాపుకుని, కళ్లు లోపలికి పోయి పడుకున్న పిల్లని చూస్తూ డాక్టరమ్మ, "ఇంట్లో ఏం నీళ్లు తాగుతారు?" అని అడిగింది. ఇంకోసారి ఇలాగే వచ్చి, తీసుకురావడం కాస్త ఆలస్యమైతే తను కూడా ఏమీ చెయ్యలేకపోవచ్చని మెల్లగా చెప్పింది. మెల్లగా చెప్పినా మాట సూటిగానే దిగింది.

ఆనాటి నుంచి టైలరమ్మ నీళ్లు కాచి, చల్లార్చి, మూత పెట్టి ఉంచేది. కానీ వీధిలో ఆడి ఆడి చెమటలు కక్కుతూ వచ్చిన పిల్ల, లోపలికెళ్లి మూత తీసి గ్లాసులో వంచుకుని తాగుతుందా? గుమ్మం ముందు కుళాయి తిప్పి దోసిలి పడుతుంది. ఒకరోజు అలా పడుతుంటే తల్లి చూసి చేతుల మీద ఒక్కటి వేసింది. చిట్టి బిక్కమొహం వేసుకుని, "దాహమేసిందమ్మా" అంది. దాహమేసిన పిల్లని నీళ్లు తాగినందుకు కొట్టే బతుకు కూడా ఒక బతుకేనా అని టైలరమ్మకి తనమీద తనకే అసహ్యం వేసింది. ఈ సంగతి తాడో పేడో తేల్చుకోవాల్సిందే అనుకుంది.

తేల్చుకోవాల్సింది ఎవరితోనో కాదు, తోడబుట్టిన అన్నయ్యతో. కాలనీ నీళ్ల సంఘానికి ఆయనే అధ్యక్షుడు, మొదటి వీధిలో మొదటి ఇల్లు ఆయనదే. మనిషి మంచివాడు. వచ్చిన చిక్కల్లా అదే. చెడ్డవాడైతే నాలుగు తిట్టి కడుపుమంట తీర్చుకోవచ్చు. ఈయనేమో ఎవరు ఏమన్నా కాదనలేడు. వాసన భరించలేకపోతున్నామని మొదటి వీధివాళ్లు అంటే క్లోరిన్ మందు తగ్గించాడు. ఇంకా వస్తోందంటే ఇంకా తగ్గించాడు. అయినా నీళ్ల ఆఫీసు నుంచి పరీక్షలాయన వచ్చి పట్టుకెళ్లిన నీళ్లు ప్రతిసారీ భేషుగ్గా ఉన్నాయనే తేలింది. దాంతో ఆయనకి ధైర్యమొచ్చి మందు పూర్తిగా మాన్పించేశాడు.

"మందు వెయ్యకపోయినా పరీక్షలో నెగ్గుతున్నాయంటే మన బోరు నీళ్లు ఎంత మంచివో చూడు" అన్నాడు చెల్లెలితో, ఆ బోరుని తనే కన్నట్టు.

"ఈసారి పరీక్షలాయన వస్తే మా కుళాయి దగ్గర పట్టించు అన్నయ్యా."

"ఆయన ఎప్పుడూ మనింట్లోనే పడతాడు కదే. కాసేపు కూర్చుంటాడు, టీ తాగుతాడు, వెళ్తాడు. ఇప్పుడు కొత్తగా నీ గుమ్మం ముందుకి తీసుకెళ్తే నలుగురూ ఏమంటారు? చెల్లెలి మాట విని సంఘాన్ని అల్లరి చేశాడంటారు. పరువు పోతుంది."

"పరువుకి సెలైన్ ఎక్కించక్కర్లేదు అన్నయ్యా. చిట్టికి ఎక్కించారు."

అన్నయ్య చూద్దాంలే అన్నాడు. ఆయన చూద్దామన్న పని ఇంతవరకూ ఏదీ చూసిన పాపాన పోలేదని చెల్లెలికి చిన్నప్పటి నుంచీ తెలుసు.

అందుకే ఆమె పంపు షెడ్డుకి వెళ్లింది. అక్కడ మోటారు నడిపే పంపు బాబాయ్ పాత కుర్చీలో కూర్చుని చెవులు గోక్కుంటున్నాడు. షెడ్డు గోడకి నిలువెత్తు ఇనప కడ్డీ ఒకటి తగిలించి ఉంటుంది. వీధుల్లో మూతల కింద ఉండే వాల్వులు తిప్పడానికి అదే తాళం. పరీక్షలాయన వచ్చే పూట మొదటి వీధి వాల్వు కట్టేస్తే ఆ వీధి ఇళ్లకి మాత్రమే చుక్క రాదు, మిగతా వీధులకి వస్తూనే ఉంటాయి. అప్పుడు చచ్చినట్టు లేచి తన వీధికి రాక ఏం చేస్తాడనేది ఆమె ఎత్తు.

"కడ్డీ ఇవ్వు బాబాయ్. రేపు పరీక్షలాయన వస్తాడు."

"ఇవ్వనమ్మా. ఇస్తే నా ఉద్యోగం ఊడుతుంది" అన్నాడాయన. కడ్డీ వైపోసారి చూసి, "రేపు పొద్దున్న నాకు కాస్త అటు పనుంది. షెడ్డు తలుపు గొళ్లెం సరిగ్గా పడటం లేదు. ఎన్నాళ్ల నుంచో చెబుతున్నాను, ఎవరూ బాగు చెయ్యరు" అన్నాడు. అని మళ్లీ చెవులు గోక్కున్నాడు.

మర్నాడు పొద్దున్న పరీక్షలాయన స్కూటరు అన్నయ్య గేటు ముందు ఆగడం చూసింది టైలరమ్మ. చీర చెంగు నడుముకి బిగించి, ఆ వీధి మొదట్లో ఉన్న ఇనప మూత ఎత్తి, షెడ్డులోంచి తెచ్చిన కడ్డీ దింపి, పళ్లు బిగబట్టి తిప్పింది. వాల్వు మొదట మొండికేసింది. మొండితనంలో ఆమెకి దీటురాలేక లొంగింది. రెండిళ్ల అవతల ఎవరో, "ఇదేంటి, నీళ్లు ఆగిపోయాయి" అని కేకేశారు. ఆమె వినిపించుకోకుండా కడ్డీ చేత్తో పట్టుకునే అన్నయ్య గుమ్మం ఎక్కింది.

"ఏంటమ్మాయ్, యుద్ధానికి బయల్దేరావా?" అంది వదిన, వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వస్తూ.

"అవును వదినా. నీతో కాదులే, భయపడకు."

హాల్లో పరీక్షలాయన టీ కప్పు పట్టుకుని ఉన్నాడు. కాళ్ల దగ్గర పెట్టె. అన్నయ్య ఎదురుగా కుర్చీలో.

"ఈ వీధికి నీళ్లు ఆపేశాను. ఇక్కడ మీకు చుక్క కూడా దొరకదు. పరీక్ష చెయ్యాలంటే చివరి వీధికి రండి" అంది టైలరమ్మ.

అన్నయ్య లేచి నిలబడ్డాడు. పరీక్షలాయన మాత్రం కంగారు పడలేదు. పెట్టె మీదున్న సీసా ఎత్తి చూపించాడు. "ఇప్పుడే పట్టేశాం కదమ్మా. ఇవిగో నీళ్లు."

సీసా నిండా తేటగా తళతళలాడుతున్నాయి. టైలరమ్మకి ఎవరో తల మీద మొట్టినట్టయింది. ఇంత చేసీ వాల్వు సరిగ్గా తిప్పలేదా? లేక ఇంకేదో వాల్వు తిప్పిందా? అన్నయ్య కూడా అదే అనుకున్నట్టున్నాడు, గబగబా వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పాడు. అది వీధి గొట్టం నుంచి నేరుగా వచ్చే కుళాయి. బుస్సుమని గాలి వచ్చింది. నీళ్లు రాలేదు.

"మరి ఆ సీసాలోవి ఎక్కడివి?" అంది టైలరమ్మ.

"అది తిప్పుతారేంటండీ, దాంట్లో కాదు" అంది వదిన. గట్టు మీదున్న ఫిల్టరు పెట్టె తెలుపు ముక్కుని వేలితో నొక్కింది. సన్నటి ధార పడింది. "ఎప్పుడూ ఇందులోవే పట్టిస్తాను. ఇంటికొచ్చిన పెద్దమనిషి సీసా చేతికిస్తే పంపు నీళ్లు పోసిస్తామా? మర్యాద ఉండొద్దూ?"

ఆమె ఆ మాట గర్వంగానే అంది. ఏ కల్మషమూ లేదు. ఇంతకాలం సంఘానికి తన వంతు సేవ తను చేస్తున్నాననే ఆ తల్లి నమ్మకం. అందరి మొహాలూ చూశాక గానీ ఏదో జరిగిందని ఆమెకి అర్థం కాలేదు.

పరీక్షలాయన టీ కప్పు కింద పెట్టేశాడు. కుళాయి దగ్గరికి తనే వెళ్లాలి, సీసా తనే నింపాలని ఆయనకి తెలుసు. కుర్చీ మెత్తగా ఉంది, టీ వేడిగా ఉంది, సీసా చేతికిచ్చేస్తే నిండి వస్తుంది. "అందుకేనన్నమాట, క్లోరిన్ ఎప్పుడు చూసినా సున్నా, క్రిములూ సున్నా. రెండింటినీ ఫిల్టరే ఆపేస్తోంది" అని గొణిగాడు.

ఇన్నాళ్లూ పరీక్షలో నెగ్గుతున్నది కాలనీ నీళ్లు కాదు, వదినగారి ఫిల్టరు. ఆ నెగ్గడం చూసుకునే కాలనీకంతటికీ మందు మాన్పించారు.

అన్నయ్య మొహం నల్లగా మాడిపోయింది. కోపం వచ్చింది, కానీ అది భార్య మీదకీ పోలేదు, పరీక్షలాయన మీదకీ పోలేదు. అడిగినవాళ్లెవర్నీ కాదనలేని మనిషికి కసురుకోవడానికి చెల్లెలొక్కతే దొరికింది.

"నలుగురిలో నన్ను ఇలా నిలబెడతావా? ముందెళ్లి ఆ వాల్వు తిప్పు. మళ్లీ ఈ గుమ్మం ఎక్కకు."

"ఎక్కను" అంది టైలరమ్మ. కళ్లు దించలేదు. "ఆయన మాత్రం మా గుమ్మం దగ్గరికి రావాలి. బయల్దేరేదాకా వాల్వు తిప్పను."

పరీక్షలాయన కొత్త సీసా తీసుకుని ఆమె వెనకే నడిచాడు. వీధి మొదట్లో ఆగి ఆమె వాల్వు తెరిచింది. చివరి కుళాయి దగ్గర ఆయన కుళాయి మూతిని నిప్పుతో కాల్చి, కాసేపు నీళ్లు వదిలి, సీసా స్వయంగా నింపాడు. ఇంకో చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టి పరీక్ష మందు చుక్కలు వేసి ఎత్తి చూశాడు. క్లోరిన్ ఉంటే రంగు రావాలట. రాలేదు. చిట్టి కూడా పక్కన నిలబడి దానికేసి చూసింది.

ఫలితం వచ్చింది. నీళ్లలో మురుగులో ఉండే క్రిములున్నాయి. వెతికితే, చివరి వీధి మురుగు కాలవ పక్కన గొట్టం అతుకు ఊడి ఉంది. పంపు ఆగినప్పుడల్లా కాలవ నీళ్లు లోపలికి పీల్చుకుంటోంది. అతుకు బిగించారు, గొట్టాలు కడిగారు, మందు మళ్లీ మొదలెట్టారు. చివరి కుళాయిలో రంగు వచ్చేదాకా వెయ్యాలంటే మొదటి వీధిలో వాసన రావాల్సిందే. వచ్చింది.

టీ తాగలేకపోతున్నామని మొదటి వీధి మళ్లీ ఒంటికాలి మీద లేచింది. అంతా టైలరమ్మ పుణ్యమే అన్నారు. ఆ వీధి నుంచి కుట్టడానికి బట్టలు రావడం ఆగిపోయింది. మిషను మీద గుడ్డ కప్పి ఉన్న ఇంట్లోకి ఒక మధ్యాహ్నం పెరటి దారిన వదిన వచ్చింది. రాగానే ఏడ్చేసింది. "నేను మర్యాద చేస్తున్నాననుకున్నానమ్మాయ్, నా చేతుల్తో చిట్టికి..."

"ఊరుకో వదినా. నీ మర్యాద అంత దూరం పాకుతుందని ఎవరనుకున్నారు" అంది టైలరమ్మ, తనూ కళ్లు తుడుచుకుంటూ. "నువ్వు మాత్రం ఎక్కొచ్చులే మా గుమ్మం. నేను ఎవర్నీ వద్దనలేదు."

సంఘం మీటింగు పంపు షెడ్డులో జరిగింది. మందు సగానికి తగ్గించాలని మొదటి వీధివాళ్లు ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. అన్నయ్య తల ఊపుతూ విన్నాడు. చూద్దాం అనబోతున్నాడని చెల్లెలికి ఆయన పెదాలు చూస్తేనే తెలిసిపోయింది.

"నాకు ఆ వాసన కావాలి" అని లేచింది. "నా కుళాయి దాకా రావాలి. మీకు టీ పాడవుతోంది, ఒప్పుకుంటాను. బిందెలో పోసి కాసేపు మూత తీసి ఉంచండి, వాసన పోతుంది. నా కూతురు పోతే ఏ మూత తీసినా రాదు. తగ్గిస్తారా, తగ్గించండి. ఈ కడ్డీ ఎక్కడ వేలాడుతుందో నాకు తెలుసు. ఆ గొళ్లెం ఇప్పటికీ ఎవరూ బాగు చెయ్యలేదు."

పంపు బాబాయ్ దగ్గొచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అన్నయ్య చెల్లెలి వైపు చూడకుండానే, "మందు తగ్గించేది లేదు" అన్నాడు. ఆయన పుట్టి బుద్ధెరిగాక నలుగురిలో కాదన్నది అదే మొదలు.

తర్వాతి పరీక్ష రోజున స్కూటరు మొదటి ఇంటి ముందు ఆగలేదు. వెనక సీటు మీద అన్నయ్య కూర్చుని, మొహం గంటు పెట్టుకుని, చివరి వీధికి దారి చూపించుకుంటూ వచ్చాడు. చెల్లెలి గుమ్మం ముందు దిగి గోడకేసి చూస్తూ నిలబడ్డాడు.

"టీ పెట్టనా?" అంది ఆమె పరీక్షలాయనతో. ఆయన ఆశగా తలెత్తాడు. "ముందు సీసా నింపండి. టీ తర్వాత."

గాజు గొట్టంలో చుక్కలు పడగానే నీళ్లకి రంగు తిరిగింది. ఆయన ఎత్తి అందరికీ చూపించాడు. ఈలోగా ఆటలోంచి పరిగెత్తుకొచ్చిన చిట్టి అలవాటు కొద్దీ కుళాయి కింద దోసిలి పట్టింది. పట్టాక గుర్తొచ్చి, చేతులు అలాగే ఉంచి, దెబ్బ పడుతుందేమోనని తల్లి వైపు చూసింది. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారిపోతున్నాయి.

"తాగు" అంది టైలరమ్మ.

చిట్టి తాగి మొహం చిట్లించింది. "ఛీ, వాసన."

"తాగరా తల్లీ" అన్నాడు అన్నయ్య, గోడ వైపు నుంచి తిరిగి.